బోర్డు మీద నా మాటలు

ప్రియమైన ఓబ్దూలియా అక్కకి,

నా రాత కోడి కెలికినట్టుంటుంది, అక్షరాలు కూడా తప్పులే. నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని, నవ్వకు. ఈమధ్య నా తప్పులకు నవ్వేవాళ్ళు ఎక్కువయ్యారు. అది చెప్పడానికే రాస్తున్నాను.

మా మారిసోల్‌ని సాగనంపిన రోజు నువ్వూ ఉన్నావు. చనిపోయిన పసిపిల్లలు దేవదూతలవుతారని తెల్లగౌను తొడిగి, కాగితం రెక్కలు కట్టి, బల్ల మీద కూర్చోబెట్టి అందరూ పాటలు పాడారు. "ఏడవకే, తల్లి కన్నీళ్ళు పడితే బిడ్డ రెక్కలు తడుస్తాయి, పైకి ఎగరలేదు" అని అమ్మ నా చెయ్యి నొక్కి పట్టుకుంది. నేను ఏడవలేదు. తర్వాత కూడా ఏడవలేదు. వీధిలో అందరూ గట్టిపిల్లనని మెచ్చుకున్నారు.

కానీ అక్కా, లోపల ఉన్నది ఎక్కడికి పోతుంది? మా ఆయన ఆన్సెల్మో పడవలవాళ్ళకీ హోటలు పనివాళ్ళకీ ఇంగ్లీషు చెప్తాడు కదా. ఆయన ఇంట్లో పాఠం వల్లించుకుంటుంటే విని నేనూ నాలుగు ముక్కలు పట్టాను. ఆ భాష అమ్మకు రాదు, పక్కింటివాళ్ళకు రాదు, దేవదూతలకు కూడా రాదేమో అనుకున్నాను. అందుకే నా బాధ ఆయనకు ఆ భాషలోనే చెప్పుకున్నాను. "నేను చలి కలిగి ఉన్నాను. నేను భయం కలిగి ఉన్నాను. నా చేతులు ఆమె బరువు కలిగి లేవు." మన స్పానిష్‌లో ఎలా అంటామో అలాగే అనేశాను. ఇంగ్లీషులో అలా అనకూడదట. ఆయన తప్పు దిద్దకుండా తల నిమిరేవాడు.

మొన్న ఆయన భోజనం మర్చిపోతే అరటికాయ ఉండలు పట్టుకుని క్లాసుకు వెళ్ళాను. గుమ్మం దాకా నవ్వులు వినిపించాయి. బోర్డు మీద 'మనవాళ్ళు చేసే తప్పులు' అని రాసుంది. దాని కింద నా మాటలు.

"చలి కలిగి ఉందట! పొట్లం కట్టించుకుందా మాస్టారూ?" అన్నాడు పడవ నడిపే తెయోఫిలో. ఆన్సెల్మో కూడా నవ్వాడు. గిన్నె గుమ్మంలో పెట్టి వచ్చేశాను.

శనివారం హిపిహాపా ఊరి బస్సులో నీ దగ్గరికి వస్తున్నాను. ఇంక తిరిగి రాను. ఆయనకు చెప్పలేదు. ఇది చదివి కాల్చెయ్.

నీ చెల్లెలు,
నెరేయిదా

* * *

అక్కా,

బస్సు దగ్గర నాకోసం నిలబడే ఉంటావు, క్షమించు.

శనివారం మూట కట్టుకుని, తాళంచెవి ఇచ్చిపోదామని క్లాసుకు వెళ్ళాను. బోర్డు మీద మళ్ళీ నా మాటే, చేతుల మాట. "ఇందులో తప్పేంటో చెప్పండి" అంటున్నాడు ఆయన. చేపలమ్మే ఎదూవిహెస్ పెద్దమ్మ లేచింది. "తప్పు సంగతి తర్వాత చూద్దువుగాని నాయనా. ఇది బిడ్డను పోగొట్టుకున్న మనిషి మాట. ఎవరిది?"

"నాదే" అన్నాను గుమ్మంలోంచి. మూట జారిపోయింది. అప్పుడొచ్చింది అక్కా, ఏడుపు. ఇంగ్లీషులో కాదు, మన భాషలో, గొంతెత్తి. తెయోఫిలో టోపీ తీసి నలుపుకుంటూ, "నాకు తెలీదమ్మా, ఒట్టు" అన్నాడు.

ఆన్సెల్మో సుద్దముక్క వదిలేసి నేల మీద కూలబడ్డాడు. "నన్నూ ఏడవొద్దన్నారు నెరీ. నీ మాటలు నాలోనే ఉండిపోయాయి. పాఠంలో పెడితే ఒక్కసారైనా పైకి చదవొచ్చనుకున్నాను. వాళ్ళు నవ్వారు. చెప్పలేక నేనూ నవ్వాను."

ఆ నవ్వును నేనింకా క్షమించలేదు. ఎప్పటికి క్షమిస్తానో తెలియదు. మూట విప్పకుండా మంచం కింద పెట్టాను. కానీ ఆ పూట ఇద్దరం పక్కపక్కన కూర్చుని కడుపారా ఏడ్చాం.

అమ్మ చెప్పింది నిజమైతే మారిసోల్ రెక్కలు తడిసిపోయే ఉంటాయి. తడవనీ అక్కా. ఎగరలేకపోతే ఇంకొన్నాళ్ళు మా దగ్గరే ఉంటుంది.

అమ్మకు తెలిస్తే బిడ్డను కిందికి లాగానంటుంది. ఈ ఉత్తరం కూడా కాల్చెయ్.

నీ
నెరేయిదా