సేటు ముక్కు, నా గేటు పిడి

మంగళవారం, సిద్దిపేట

యాదగిరి సేటు ఇవాళ నా షెడ్డుకే వచ్చి నా పరువు తీసిపోయాడు. వాడి వెల్డింగు మిషన్ కాలిపోను.

వాడి దగ్గర జీతానికి ఉన్నప్పుడు నేను గీసిన గేటు పిడిని అప్పుడే తన పేరు మీద డిజైన్ రిజిస్టర్ చేయించుకున్నాడట. ఇప్పుడు నా సొంత షెడ్డులో ఆ పిడి నేనే చేయకూడదట.

"గీసింది నేను గద సేటూ," అన్నాను.

"నా జీతం తీస్కుంట, నా పని కోసం గీసినవ్. హక్కు నాదే. వకీలును అడుగుపో."

వకీలుకు ఫోన్ చేస్తే ఆయనా అదే మాట అన్నాడు. ఒళ్లు మండి ఇన్నేళ్లు దాచుకున్నది కక్కేశాను.

"గది నీ ముక్కు జూసి గీసిన. ఊరంత నీ ముక్కు వట్టుకొని గేటు తియ్యాలని."

పనివాళ్లు పడిపడి నవ్వారు. సేటు నిమ్మళంగా ముక్కు తడుముకున్నాడు.

"ఇంకేంది మరి, ముక్కు గూడ నాదేనాయె."

ఈసారి వాళ్లు నన్ను చూసి నవ్వారు.

కొండపాక వాళ్ల గేట్లకు రేపటికల్లా వేరే పిడి కావాలి. పోనీ నా ముక్కే గీద్దామని అద్దం ముందు కూర్చున్నాను. చప్పిడి ముక్కు. పట్టుకోవడానికి ఏమీ దొరకట్లేదు...