పన్నెండు నెలల గడువు

బెండిగో,
ఫిబ్రవరి 9

నెరిడా తల్లీ,

బీమా కంపెనీ మళ్లీ రేటు పెంచిందని ఏడుస్తూ రాశావు. ఏప్రిల్ వస్తే వాళ్లు పెంచకుండా ఎప్పుడున్నారు? ముప్పై ఏళ్లు ఆసుపత్రి బిల్లుల కౌంటర్లో కూర్చున్నదాన్ని, చెప్తాను విను.

మార్చిలోనే ఏడాది డబ్బు ఒకేసారి కట్టేస్తే పాత రేటే పడుతుంది. పళ్లకీ కళ్లద్దాలకీ కడుతున్నది మానేయండి, మీ ఆయన క్లెమ్ పళ్ల డాక్టరు మొహం చూసి పదేళ్లయింది. మీరు తీసుకున్న పెద్ద పాలసీలో పురుడు ఖర్చులు కూడా ఉన్నాయి, అరవై ఎనిమిదేళ్ల మా మరిదికి నీళ్లాడే యోగం ఉందేమిటే? అయినా తొందరపడి దించేయకు, మోకాళ్ల ఆపరేషనూ కంటి శుక్లాలూ అందులోనే ఉంటాయి. మీ చేతినుంచి పెట్టుకునే వాటా కాస్త పెంచుకుంటే నెల నెలా కట్టేది తగ్గుతుంది. ఏ ఆపరేషనైనా, బీమా పోను మన నెత్తిన ఎంత పడుతుందో ముందే కాగితం మీద రాయించుకోవాలి.

కిందటేడు పాలసీ మానేసి మళ్లీ జూలైలో చేరారు కదా, పాతరోగాలకి పన్నెండు నెలల గడువుంది, అది నిండేదాకా వాటికి పైసా ఇవ్వరు. జూలై దాకా ఓపిక పట్టండి.

నాకు ఫోనులో వినపడి చావడం లేదు, ఉత్తరమే రాయి.

నీ మంచి కోరే అక్క,
ఎల్వా

మిల్డూరా,
ఫిబ్రవరి 24

ప్రియమైన అక్కకి,

నువ్వు చెప్పినట్టే పళ్లదీ కళ్లద్దాలదీ తీసేయించాను. ద్రాక్ష కోతలు అయిపోతున్నాయి. ఈసారి క్లెమ్ ఎండబెట్టే పందిళ్ల దగ్గరికి వెళ్లలేదు. ఎండ పడటం లేదంటాడు.

అక్కా, ఒక మాట అడుగుతాను. మా బౌల్స్ ఆట క్లబ్బులో ఒకావిడ ఉంది. వాళ్లాయనకి విరేచనంలో రక్తం పడుతోందట. బీమాలో చేరడానికి ముందే మొదలైందట. డాక్టరు కాగితం మీద పెడితే పాతరోగం అయిపోతుంది కదా, పెట్టకపోతే లేనట్టే కదా అని, పన్నెండు నెలలూ నిండేదాకా డాక్టరు గడప తొక్కనివ్వలేదట. పుట్టినరోజుకి ప్రభుత్వం పోస్టులో పంపే మలపరీక్ష పెట్టెని కూడా దుప్పట్ల కింద దాచేసిందట. ఇంకో నాలుగు నెలలు ఆగితే పరవాలేదా? మొలలే అయ్యుంటాయి కదా? ఆవిడ పాపం తిండి మానేసింది.

నీ చెల్లి,
నెరిడా

బెండిగో,
ఫిబ్రవరి 28

ఒసే పిచ్చి నెరిడా,

క్లబ్బులో ఒకావిడా లేదు, మొగుడూ లేడు. అది నువ్వే. చిన్నప్పుడు జామ్ సీసా పగలగొట్టి పక్కింటి పిల్ల మీద పెట్టినదానివి, నాకు తెలీదూ? రక్తం పడుతున్నది నీకే.

కాగితం మీద లేకపోతే రోగం లేనట్టే అని ఎవరు చెప్పారే నీకు? బీమా వాళ్ల డాక్టరు పాత కాగితాలొక్కటే చూడడు, చేరడానికి ముందు ఆర్నెల్లలో లక్షణాలున్నాయా అని చూస్తాడు. దాచి నువ్వు సాధించేది ఏమీ లేదు. ఇంకోటి విను. ఇలాంటిదానికి బీమాయే అక్కర్లేదు. నీ పర్సులో ఆకుపచ్చ మెడికేర్ కార్డు ఉందా? అది పట్టుకుని ప్రభుత్వాసుపత్రికి పో, మామూలు పేషెంటుగా చేరతానను. మోకాళ్లకైతే ఏళ్లు ఆగమంటారు గానీ, ఇలాంటి అనుమానం ఉంటే ముందు వరసలో పెడతారు. డబ్బడగరు.

ఓపిక పట్టమని నేనే రాశాను. నా చెయ్యి విరిగిపోనూ! నేనన్నది మోకాళ్ల గురించే. రేపే వెళ్లు. బతిమాలుతున్నాను.

అక్క

బెండిగో,
మార్చి 20

నెరిడా,

మూడు వారాలైంది, ఒక్క ముక్క లేదు. పక్కింటి పిల్లచేత ఫోను చేయించాను, ఎవరూ ఎత్తలేదు. పోస్టు బండి కనపడితే చాలు, గేటు దగ్గరికి పరుగెడుతున్నాను. ఏమన్నారో, ఎంత చెడ్డదైనా సరే, రాయి. తెలియకపోవడమే నా వల్ల కావడం లేదు.

ఎల్వా

మిల్డూరా,
ఏప్రిల్ 11

అక్కా,

నాకేం కాలేదు. రక్తం క్లెమ్‌ది.

కిందటేడు జూన్లో తనే వచ్చి చెప్పాడు. "డాక్టరుకి చూపించుకుంటానే" అన్నాడు. నేనే వద్దన్నాను. ముందు బీమాలో చేరదాం, ఏడాది నిండాక నీ ఇష్టం అన్నాను. మన అమ్మ ఆఖరి రోజుల్లో, మెడికేర్ ఇంకా రాకముందు, ఆసుపత్రి బిల్లులకి తోట సగం పోయింది చూడు, ఆ భయం నన్ను వదల్లేదు. మిగతా సగం కూడా పోతే ఎక్కడుంటామని. క్రిస్మస్‌కి బెల్టుకి కొత్త బెజ్జం పొడుచుకున్నాడు. జనవరిలో ఇంకోటి. "ఇంకెన్నాళ్లే?" అని అడిగేవాడు, నేను క్యాలెండర్ చూసి చెప్పేదాన్ని.

నీ ఉత్తరం అందిన మర్నాడే తీసుకెళ్లాను. రెండు వారాలు తిరక్కుండా గొట్టం వేసి చూశారు, కేన్సరన్నారు. మొన్న ఒకటో తారీకున పేగు కోసి తీసేశారు. ఒక్క డాలరు అడగలేదక్కా. కౌంటర్లో పిల్లని రెండుసార్లు అడిగాను, బిల్లేమీ లేదండీ అని నవ్వింది.

పక్కనున్న గ్రంథుల్లోకి పాకిందట. కాలేయం మీద మచ్చ కూడా ఉందట, అదేమిటో మంగళవారం స్కానింగులో తేలుతుంది. ఇన్నాళ్లూ నీకు రాయకపోవడానికి కారణం ఒక్కటే, నువ్వు జాలిపడుతున్నది నా మీద. ఆ జాలికి నేను తగను.

ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ నిన్న మంచం దగ్గరికొచ్చి, "ఎప్పటినుంచి పడుతోంది రక్తం? ఇన్నాళ్లూ ఎందుకు రాలేదు?" అని అడిగింది.

"జూన్ నుంచి డాక్టర్," అన్నాడు క్లెమ్. "మొండివాణ్ణి, నేనే ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకి తెలిసుంటే ఆవేళే చెవి పట్టుకుని లాక్కొచ్చేది."

ఆవిడ నా భుజం మీద చెయ్యేసి, "మీ తప్పేం లేదమ్మా, మగవాళ్లంతా ఇంతే," అంది.

నేను ఊరుకున్నానక్కా. క్లెమ్ నా వంక చూడలేదు.

నీ చెల్లి,
నెరిడా