దుప్పటి మూల పదిహేడు

అమ్మకు, మోకాలు నయమైంది, పొద్దున్నే మళ్ళీ పరుగెడుతున్నాను, బెంగ వద్దు.

నా దారిలో ఉన్న పాత మేడకు ఇవాళ రంగులు వేస్తున్నారు. రంగు పడకుండా నేల మీద పరిచిన పాత దుప్పట్ల మూలల్లో ఎర్రదారంతో అంకెలు కుట్టి ఉన్నాయి. "ఇది ఒకప్పుడు దిక్కులేని ఆడపిల్లల హాస్టలండీ. ఎవరి నంబరు వాళ్ళే కుట్టుకునేవాళ్ళంట," అన్నాడు మేస్త్రీ. ఒక మూల పదిహేడు చూసి వంగి ఆ కుట్టు తడిమాను. మన ఇంట్లో ప్రతి తువ్వాలుకూ నువ్వు కుట్టే పదిహేడే, చివర అదే ముడి. లాండ్రీలో మారిపోకుండా అనేదానివి. పుట్టిల్లెక్కడంటే మాట దాటేసేదానివి.

కవరు కొనేదాకా ఆగలేక కార్డు మీదే రాసేశాను. నాన్న బీపీ మాత్రలు వేసుకుంటున్నాడా? చెల్లికి ముద్దులు. నా తువ్వాళ్ళు చిరిగిపోయాయి, రెండు పంపు. పదిహేడు కుట్టే పంపు.