వెనక టైరు మీది పాట

వనపర్తి లాడ్జి, శనివారం రాత్రి

కసి సగమే తీరింది.

ఈ సంగీత యాత్ర మొదలైనప్పటి నుంచి టూర్ మేనేజర్ మధు నన్ను పేరుపెట్టి పిలవలేదు. "సింగిల్ మేడం, మీరు వెనక!" బస్సులో ముందు సీట్లన్నీ జంటలకే. నాది టైరు మీది సీటు. గద్వాల నుంచి నడుము విరిగిపోతోంది.

ఇవాళ తిమ్మాజిపేటలో కిన్నెర వాయించే తాత, తన అలవాటు ప్రకారం, పాటలో కలపడానికి ఒక పేరు చెప్పమని నన్ను అడిగాడు. "ఎవరి మీద కట్టాలె బిడ్డా?"

"మా మేనేజర్ మీద" అని చెవిలో అంతా చెప్పాను.

తాత నవ్వి తీగ మీటాడు. "ఒంటిగొచ్చిన ఆడిబిడ్డను ఎనక టైరు మీద కూసోబెట్టిన మొనగాడే మా మధు సారు!"

అందరూ పగలబడి నవ్వారు. సెల్ఫీ వీడియోలో తన మొహం చూసుకుంటున్న మధుకు పేరొక్కటే వినపడింది. మురిసిపోయాడు. ఇందాకే ఆ వీడియోను కంపెనీ పేజీలో పెట్టాడు: "నా మీద పాట!"

రేపు ఎవరో ఒకరు అతనికి అర్థం చెప్తారు. ఆ కోపంతో తాతను ఇంకెప్పుడూ టూర్లలో పాడటానికి పిలవడేమో... వీడియో తీసెయ్యమని చెబుదామనే ఫోన్ తీశాను. అప్పటికే మెసేజ్ వచ్చి ఉంది: "సింగిల్ మేడం, రేపు కూడా వెనక సీటే."

వీడియోను మా చుట్టాలందరికీ పంపేశాను.