ఒక్క కాయిన్ కొనరా, బావమరిదీ

బావమరిదీ,

చదివి చించెయ్. మీ అక్క కంట పడనివ్వకు.

తన కుట్టుమిషన్ అమ్మేసి నేను క్రిప్టో కాయిన్లు కొన్న సంగతి నీకు తెలుసుగా. మిషన్‌ని గుమ్మంలో పెట్టిన గంటకే ఎవరో కొనుక్కుపోయారు. కాయిన్ల ధర మాత్రం ఫోన్‌లో రోజూ పెరుగుతూనే ఉంది, మూడు నెలల నుంచి కొనే నాథుడే లేడు. నాకు అంటగట్టినవాడు ఫోనెత్తడం లేదు.

"ఎవరూ కొననిది ఆస్తెలా అవుతుందండీ?" అని మీ అక్క ఒక్కసారే అడిగింది. అప్పట్నుంచీ మాటల్లేవు. గిరాకీల బట్టలు చేత్తోనే కుడుతోంది, వేళ్ళు పుళ్ళు పడ్డాయి.

ఈ కవర్లో నా వాచీ అమ్మిన డబ్బుంది. ఆదివారం వచ్చి, తన ఎదుట, ఆ డబ్బుతో ఒక్క కాయిన్ కొనరా. నీ కాళ్ళు పట్టుకుంటాను.

గట్టిగా బేరమాడు. అడిగిన ధరకే కొంటే మీ అక్క నమ్మదు. నేనూ నమ్మలేను.

బావ