రమణి గీత

చిరంజీవి మధుబాబుకు మేనత్త దీవించి రాయడం. మీ నాయన మోకాలు ఎట్లుంది? మీ అమ్మకు షుగరు తగ్గిందా? పాపకు దగ్గు పోయిందా? ఎండలో తిప్పబాకండి.

మీ మామ ఒంట్లో బాగానే ఉంది. పడవ మాత్రం పది రోజులుగా ఇసకలోనే ఉంది.

మన రమణి చనిపోయే ముందు, సముద్రం పోటు ఎప్పుడో పాటు ఎప్పుడో వాళ్ల నాయనకు తెర మీద గీత గీసి చూపేటట్టు తన కాలేజీ క్యాలిక్యులేటర్‌లో పెట్టింది కదా. అది ఆగి ఆగి గీసేది. పిల్లే ఆలోచించుకుంటా గీస్తున్నట్టుండేది. రోజూ పొద్దున అది గీసినంతసేపూ మామ ముందు కూర్చొని, "నిన్న వల చినిగింది తల్లీ" అని బిడ్డతో మాట్లాడి, గీత ముగిసినాక లేచి వేటకు పోయేవాడు.

నువ్వు మొన్న వచ్చినప్పుడు మంచికే దాని లోపల ముక్క మార్చి వేగం చేసినావు. ఇప్పుడు "తల్లీ" అనేలోపల అయిపోతా ఉంది. వెనక ఎవరో తరుముతుంటే గీసినట్టుంది. మామ మధ్యాహ్నం దాకా దాన్ని మళ్లీ మళ్లీ నొక్కతానే ఉంటాడు. "అమ్మి నామీద అలిగింది, నిలబడకుండా పోతాంది" అంటాడు. నాకు భయమేస్తా ఉంది నాయనా.

నువ్వు తీసేసిన మినపగింజంత ముక్కను ఏరి కుంకుమ భరిణెలో దాచినాను. తేమకు చెడి ఉంటుందా? పిల్ల గీత చెరగకుండా దాన్నే మళ్లీ పెట్టగలవా?

మామతో, నువ్వు ఊరికే చూసిపోను వస్తున్నావని చెప్పినాను. నవంబరు పదహారు, ఆదివారం, తొలి బస్సుకు రా.