పగకు హెల్మెట్ తప్పనిసరి

జూలై 8, సోమవారం

ఆదివారం వెళ్తున్నాం. అదే కొండ, బండ వెంట తీగా మేకులూ బిగించిన అదే ఇనుప దారి, అదే నిచ్చెన. పోయిన వేసవిలో ఆ నిచ్చెన నడుమ నలభై నిమిషాలు కదలకుండా అతుక్కుపోయాను. నా క్లాస్‌మేట్ దమియానో కింద కాలిబాట మీద నిలబడి అదంతా వీడియో తీసి, మా ఊరు అగోర్దోలో ప్రతి బార్‌లోనూ చూపించాడు. ఆనాటి నుంచి నా పేరు బల్లి. మా ప్రొఫెసర్ కూడా ఒకసారి నోరు జారింది.

ఈసారి సన్నాహం శాస్త్రోక్తంగా ఉంటుంది. హెల్మెట్, గ్లోవ్స్, కొత్త కొక్కేలు, రెండు లీటర్ల నీళ్ళు, నిండా చార్జింగ్ ఉన్న ఫోన్. చివరిది దమియానో ఏడుపు కోసం.

జూలై 9

మెట్ల పక్క కమ్మీకి తాడు కట్టి వందసార్లు కొక్కేలు మార్చాను. ఒకటి తీసి ముందుకు తగిలించాక గానీ రెండోది ముట్టకూడదు. అమ్మ బట్టల బుట్టతో వచ్చి, ఈ ఇంట్లో మామూలుగా మెట్లెక్కే మనిషే లేడా నాయనా అంది.

జూలై 10, బుధవారం, సాయంత్రం

కొండలెక్కేవాళ్ళ సంఘం హాల్లో ఎర్మీనియా అవ్వ క్లాసు. డెబ్బై రెండేళ్ళు, పిడికిలి ఇంకా ఇనుమే. ఆకాశం ఎంత తేటగా ఉన్నా మధ్యాహ్నానికల్లా ఇనుప తీగ వదిలి దిగిపోవాలట. పిడుగుకు మీ డిగ్రీలతో పనిలేదు పిల్లలూ అంది. మేకుకూ మేకుకూ మధ్య ఒక్కరే ఉండాలి. పైవాడు జారితే కిందివాడి నెత్తిన పడతాడు. ఎక్కేముందు ఒకరి పట్టీలు ఒకరు చూడాలి, కట్టుకున్న మొగుడైనా సరే నమ్మొద్దు అంది.

దమియానో వెనక నుంచి, బల్లీ, ఈసారి తోక కూడా తెచ్చుకుంటున్నావా అన్నాడు. హాలంతా నవ్వింది.

తర్వాత వాడు తన పట్టీల సెట్టు అందరికీ చూపించాడు. వాళ్ళ ఒలీవో మామయ్య ఇచ్చాడట. దాన్ని నా పక్క కుర్చీలో పడేసి కాఫీకి వెళ్ళాడు. దానికి కుట్టి ఉన్న చిన్న సంచి జిప్పు తీసి చూశాను. లోపల మడతల పట్టీ ఉంటుంది. మనిషి పడితే దాని కుట్లు ఒక్కొక్కటే చిట్లుతూ కుదుపును మింగుతాయి. ఒకసారి చిట్లితే పారేయాలి. ఇవి ఎప్పుడో చిట్లాయి. ఎవరో తోలు కుట్టే లావు తెల్లదారంతో ముచ్చటగా మళ్ళీ కుట్టారు. మామయ్య భార్య పనితనమే అయ్యుంటుంది. మా లోయలో తెగిన చెప్పునే పారేయరు. ఆ దారం తెగదు. పడ్డవాడి నడుమే విరుగుతుంది.

జిప్పు మూసేశాను. నోరు కూడా.

జూలై 11

ఎందుకు చెప్పలేదో రాసి పెట్టాలి. ఆదివారం కొండ మొదట్లో, పదకొండు మంది ముందు, వాడి పట్టీలు నేనే చూస్తాను. జిప్పు తీస్తాను. అవ్వను పిలుస్తాను. దమియానో తల దించుకుని ఒంటరిగా బస్సెక్కుతాడు. నేను వీడియో తీస్తాను. ఎవరికీ గీత కూడా పడదు. భద్రతా నియమాలన్నీ పాటిస్తూ తీర్చుకునే పగ ప్రపంచంలో ఇదొక్కటే.

జూలై 12

ఆనందం పట్టలేక మూడు ప్లేట్ల పోలెంతా, అదే మా మొక్కజొన్న సంకటి, తిన్నాను.

జూలై 13, శనివారం, ఉదయం 6.40

దమియానో వాళ్ళమ్మ ఫోన్. వాడు చీకటితోనే వెళ్ళిపోయాడు బాబూ, రేపు మీ అందరి ముందు పరువు పోకుండా ఒకసారి ఎక్కి చూసుకుంటాడట, నీకు మాత్రం చెప్పొద్దన్నాడు, పోయినేడు వాడసలు ఎక్కలేదుగా, భయం, అంది. ఫోన్ ఎత్తడం లేదట.

నిజమే. పోయినేడు వాడు కిందే ఉన్నాడు. ఏడాదంతా నాకిది తట్టలేదు.

పట్టీల సంగతి ఆవిడకు చెప్పలేకపోయాను. వెళ్తున్నాను.

సాయంత్రం 4

వాడు ఒంటరిగా ఎక్కుతున్నాడని అవ్వకు కబురు చెప్పి, స్కూటర్ ఆపిన చోటు నుంచి పరుగు. ఇరవయ్యో మెట్టు మీద ఉన్నాడు. కళ్ళు మూసుకుని, నిచ్చెనను కావలించుకుని. నా గొంతు విని, తీసుకోరా, వీడియో తీసుకో అన్నాడు. నోర్మూసుకుని మెట్టు పట్టుకోరా అన్నాను.

వాడి కిందికి ఎక్కాను. పైవాడి కింద ఉండటం అవ్వ వద్దన్న పనే. నా పొట్టి తాడుతో వాడి నడుం పట్టీని మెట్టుకు బిగించాను. ఎడమ కాలు, ఇప్పుడు కుడి కాలు. తాడు విప్పు, కింది మెట్టుకు బిగించు. గంటా పది నిమిషాలు.

నేల మీదికి వచ్చాక ఆ జిప్పు మొదటిసారి తీస్తున్నట్టు తీశాను. నోరు వెళ్ళబెట్టాను కూడా. వాడు తెల్లదారం చూసి నన్ను పట్టుకుని ఏడ్చాడు. జేబులోనే ఉన్న ఫోన్ నిండా చార్జింగ్ ఉంది.

జూలై 14

వాన. ప్రయాణం రద్దు. దమియానో బార్‌లో కుర్చీ ఎక్కి, తాను ఎలా ఏడ్చిందీ తానే అందరికీ చెప్పాడు. వీడు లేకపోతే నేను లేను అన్నాడు. నా వీడియో చెరిపేశాడు. జనం నా వీపు తట్టి తట్టి వాతలు తేల్చారు. ఏడాది పెంచుకున్న పగ మీద ఇంత దుర్మార్గమైన దెబ్బ ఎవరూ కొట్టి ఉండరు.

అవ్వ మాత్రం పక్కకు వచ్చి, బుధవారం హాల్లో నేను చూశాను, వాడి సంచి తెరిచింది నువ్వే కదరా అంది. మెల్లగానే.

జూలై 15

దమియానోకు చెప్పేశాను.

జూలై 16

ఎడమ కన్ను తెరుచుకోవడం లేదు. వచ్చే ఆదివారం మనిద్దరమే వెళ్దామన్నాడు. ముందు నువ్వెక్కు, వెనక నేనుంటాను అన్నాడు. నా పట్టీల సంచి జిప్పు తీసి, కుట్లు రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను.